కోతపండుగకు మొక్కిన పెట్ట

పోలీస్ యాక్షన్ రోజుల్లో చిలకలగూడలో అందరూ తలుపులు బిగించుకుని కూర్చుంటే, నేను పెరట్లో కోడికి వైద్యం చేస్తున్నాను. కోతపండుగనాడు చర్చి వేలానికి ఇస్తానని అత్తయ్య మొక్కుకున్న ఎర్రపెట్ట అది. ఎండుగడ్డి మింగింది. మెడ కింది సంచి రాయిలా గట్టిపడి తల వాల్చేసింది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "గది బతకది బిడ్డా. పానం ఉండంగనే కోసుకోండ్రి, కూరన్న అయితది," అంది. అత్తయ్య కత్తి కోసం లేచింది.

నాకు ఒళ్లు మండింది. "దేవుడికి మొక్కినదాన్ని మనం కోసుకు తింటామా అత్తయ్యా?" అన్నాను. అత్తయ్య కత్తి తేకుండానే మళ్లీ కూర్చుంది.

గోరువెచ్చని నూనె చుక్కచుక్కగా మింగించి, ఆ సంచిని వేళ్లతో మెల్లగా పిసుకుతూనే ఉన్నాను. చివరికి గడ్డ మెత్తబడింది. పెట్ట తేరుకుని, మొట్టమొదట నా చేతినే పొడిచింది!

కోతపండుగ వేలంలో పట్టుబట్టి దాన్ని పాడుకున్నది పక్కింటావిడే. "కూరకా?" అని అడిగాను.

"కూరకేంది! గింత గట్టి పానం ఏడ దొరుకుతది? పొదగేస్త."

మరుసటి ఏడు దాని పిల్లల్లో ఒకటి తల వాల్చింది. ఆవిడ కత్తి జోలికి పోలేదు. గోడ మీంచి నన్ను కేకేసింది.