నాయన బెలూన్ గొంతు

మాది ధర్మవరం. సెల్‌ఫోన్లో వీడియోలు తీయడం మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజులవి. నా కూతురి మొదటి పుట్టినరోజుకి మా ఆయన హిందూపురం నుంచి హీలియం సిలిండర్ అద్దెకు తెచ్చాడు. ఆయన బెలూన్లు నింపుతుంటే, నేతగాడైన మా నాయన మగ్గంలో మిగిలిన పట్టుపోగులతో వాటికి ముడులు వేస్తున్నాడు.

"ఈ గాలి పీలిస్తే గొంతు మారిపోతాది మామా" అని మా ఆయన ఒక బెలూన్ అందించాడు.

నాయన పీల్చి, వంటింట్లో ఉన్న వాళ్లమ్మను, మా అవ్వను పిలిచాడు.

"అమ్మా, ఆకలైతాండాది. సంగటి పెట్టు."

ఆ కీచుగొంతుకి అందరం పడీపడీ నవ్వాం. అదంతా నేను వీడియో తీశాను. అవ్వ మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

ఆ ఏడాది దసరా రాకముందే నాయన మగ్గం మీదే గుండెపోటుతో పోయాడు.

కర్మలయ్యాక ఆయన గొంతు వినాలనిపించింది. వెతికితే ఆ వీడియో ఒక్కటే దొరికింది. అందులో ఉన్నదీ ఆయన గొంతు కాదు. దుఃఖం ఆగక ఆపేయబోతే, పక్కనున్న అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపొద్దు పాపా. చిన్నప్పుడు బడి నుంచి వస్తానే వాడు ఇట్లే అడుగుతాండె. ఇదే గొంతు."

మళ్లీ పెట్టాను. అమ్మా, ఆకలైతాండాది అన్నాడు నాయన.

"ఉండు నాయనా, తెస్తాండా" అంది అవ్వ ఫోన్‌తో.