ఇరవై తొమ్మిది ప్రశ్నలు పాసైన మునిరత్నం

మొన్న ఆదివారం చిత్తూరులో ఒక పెండ్లికి పోయొచ్చినాను. ఆ పెండ్లికొడుకును ఎంచింది నేనే. కాకపోతే నేను ఎంచింది పెండ్లికి కాదు, నా రూములో ఖాళీ అయిన మంచానికి. అది పెండ్లి దాకా ఎట్ల పోయిందో చెప్తాను వినండి, టీ చల్లారేలోపల అయిపోతుంది.

నేనుండేది తిరుపతిలో, కొర్లగుంట పక్క, మేడమీద ఒంటి రూము. ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. రెండేండ్లు నాతో ఉన్న చంద్రకు సూళ్ళూరుపేటలో ఉద్యోగం దొరికి పెట్టె సర్దుకున్నాడు. పోయే రోజు నాకొక మాట చెప్పినాడు. ఈసారి వచ్చేవాన్ని బాగా విచారించి పెట్టుకో, ఏమీ తెలీకుండా వచ్చి నా మాదిరి ఇరుక్కునేవాడు మళ్ళా దొరకడు అని. నేను అందులో మొదటి సగమే విన్నాను.

విచారించడమంటే ఎట్ల? అప్పటికి నాకు ఇంటర్నెట్టు పిచ్చి బాగా ముదిరింది. కాలేజీలో కంప్యూటర్లు ఉన్నాయి గానీ నెట్టు లేదు. అందుకని సాయంత్రమైతే నాలుగుకాళ్ళ మండపం దగ్గిర ఉండే నెట్ సెంటరుకు పోయి క్యాబిన్‌లో కూర్చునేవాన్ని. ఎవురో తన ఇంట్లో ఉండే స్పూన్లన్నిటికీ ఫొటోలు తీసి పెట్టినాడు, అవి చూసినాను. ఇంకొకాయన చేపల తొట్టి ముందర కెమెరా పెట్టినాడు. నిమిషానికొక ఫొటో మారుతుంది. ఒకసారి చేప ఎడంపక్క ఉంటుంది, ఇంకోసారి కుడిపక్క ఉంటుంది. దాన్ని గంటసేపు చూసేవాన్ని. ఎందుకని అడగొద్దు.

అట్ల వెతుకుతా ఉంటే ఒక ఫారిన్ పేజీ దొరికింది. రూమ్మేటును పెట్టుకునే ముందు అడగాల్సిన ముప్పై ప్రశ్నలంట. ప్రింటు తీసుకున్నాను. ముందు నీ జవాబులు నువ్వు నిజాయితీగా రాసుకో, తర్వాత వచ్చినవాడివి రాసుకో, రెండూ పక్కపక్కన అంటించు, అప్పుడు తేడాలు రావు అని దాంట్లో ఉండాది. నేను అక్షరం తప్పకుండా పాటించినాను. నా కాగితం నేనే తెలుగులో నింపినాను. పొద్దున ఎప్పుడు లేస్తావు? ఎనిమిదిన్నరకు, ఎవురన్నా లేపితే. తిన్న గిన్నెలు ఎప్పుడు కడుగుతావు? కడిగినవన్నీ అయిపోయినాక. సిగరెట్టు తాగుతావా? కొననుగానీ ఇస్తే కాదనను. కోపమొస్తే ఏం చేస్తావు? రెండు రోజులు మాట్లాడను. ఖాళీ టైములో ఏం చేస్తావు? చేపలను చూస్తాను.

మనుషులు వచ్చినారు. ఒకాయన ఏడో ప్రశ్నకే లేచి చెప్పులేసుకున్నాడు. ఇంకొకాయన ఇంట్లో అడిగి చెప్తానని పోయి మళ్ళా రాలేదు. మూడోవాడు మునిరత్నం. కుప్పం దగ్గిర ఒక పల్లె వాళ్ళది. పాల డైరీలో వెన్న శాతం చూసే పని. చేతులు కట్టుకోని, ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినట్ల కూర్చున్నాడు.

పార్టీలంటే ఇష్టమా అని అడిగినాను. వాకిలి పక్క చూసి గొంతు తగ్గించినాడు. వాళ్ళ నాయనది ఒక పార్టీ, చిన్నాయనది ఇంకో పార్టీ అంట, తను మాత్రం దేంట్లోనూ లేడంట. మార్కు వేసినాను. జంతువులను పెంచుతావా అంటే రెండు పాడావులు ఉండాయి గానీ ఊర్లోనే ఉంటాయిలేన్నా, ఈడికి తీసుకురాను అన్నాడు. దానికీ మార్కు వేసినాను. తర్వాత ప్రశ్న, సెనక్కాయలు తింటే నీకు ఒళ్ళు వాస్తుందా అని. ఆ దేశంలో కొంతమందికి వాస్తుందంట. మునిరత్నం నన్ను కొంచెంసేపు జాలిగా చూసినాడు.

"మాది సెనక్కాయల చేనున్నా," అన్నాడు.

నాలుగున్నరకే లేస్తాడు. తిన్న ప్లేటు అప్పుడే కడుగుతాడు. కోపమొస్తే బయటికి పోయి టీ తాగి వస్తాడు, వచ్చేటప్పుడు కోపమొచ్చినోడికి కూడా ఒకటి తెస్తాడు. ఇంటిపేరుతో సహా అన్నీ రాసి, కింద సంతకం పెట్టించుకోని, రెండు కాగితాలూ తలుపు వెనకాల పక్కపక్కన అంటించినాను. ముప్పైకి ఇరవై తొమ్మిది.

అంటే ఒకటి తప్పినాడని కాదు. ఒకటి నేనే అడగలేదు. రాత్రిపూట నీకోసం ఎవురన్నా వచ్చి ఉంటారా అని ఉండాది. ఆ దేశంలో దాని అర్థం వేరే. చేతులు కట్టుకోని కూర్చున్న పిల్లోన్ని ఆ మాట అడగడానికి నాకే సిగ్గేసి వదిలేసినాను.

నెలన్నర బాగా జరిగింది. నాకు ఉప్మా దొరికేది. రూములో నేల రంగు ఏందో అప్పుడే తెలిసింది. ఈ మధ్యలో మా నాయన నాకొక సంబంధం చూసినాడు. చిత్తూరులో బెల్లం మండీ చెంగల్రాయులు గారి కూతురు. పేరు హేమలత, బీయెడ్ చదివింది. ఫొటో వచ్చింది. వచ్చే ఆదివారం పెండ్లిచూపులు అనుకున్నారు. నేను ఆ ఫొటోను పుస్తకంలో పెట్టుకోని, నాకేమీ తొందర లేనట్ల రోజుకు రెండుసార్లు ఆ పుస్తకం తెరిచేవాన్ని.

ఆ గురువారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి తలుపు తీస్తే లోపల పదకొండు గుండ్లు ఉన్నాయి. అప్పుడే కొట్టించుకున్నవి, చందనం పూసినవి. మునిరత్నం వాళ్ళ అక్క కొడుకుకు మొక్కుబడి ఉంటే ఊర్నుంచి టెంపోలో వచ్చినారంట. పిల్లోడికి ఒక్కడికే కొట్టిస్తే ఏం బాగుంటుందని అందరూ ఇచ్చేసినారు. తడిగుడ్డలు నా కంప్యూటర్ పుస్తకాల మీద ఆరేసినారు. మునిరత్నం వాళ్ళ అవ్వ మునెమ్మ నా మంచం మీద కాళ్ళు చాపుకోని ఉండాది. నన్ను చూసి, కూర్చో నాయనా, ఎవురూ పరాయోళ్ళు లేరు అనింది.

మునిరత్నాన్ని మెట్ల మీదికి పిలిచి ముందే ఎందుకు చెప్పలేదని అడిగినాను. వాడికి ప్రశ్నే అర్థం కాలేదు. తిరుపతిలో రూముంటే ఊర్నుంచి మనుషులు రాకుండా ఎట్లుంటారన్నా అన్నాడు. నాకు కోపమొచ్చింది. కాగితంలో రాసిన ప్రకారం మాట్లాడ్డం మానేసి నెట్ సెంటరుకు పోయినాను. నాలుగ్గంటలు కూర్చున్నాను. చేప ఎడంపక్క ఉండాది, కుడిపక్క ఉండాది.

నేను ఎక్కడో ఒక దేశంలో చేపను చూస్తా ఉండే ఆ నాలుగ్గంటల్లో నాకు కాబోయే మామ నా రూముకు వచ్చినాడు. ఇది తర్వాత తెలిసిన సంగతి. ఏదో పని మీద తిరుపతికి వచ్చినాడంట. పెండ్లిచూపులనాడు అందరూ ఇస్త్రీ చొక్కాల్లోనే ఉంటారు, మామూలు రోజు పిల్లోడు ఎట్లుంటాడో చూద్దామని చెప్పకుండా దిగినాడు. పదకొండు గుండ్ల మధ్యలోకి చెంగల్రాయులు గారు వస్తే మునెమ్మవ్వ ఆయన్ను కూడా కొండకు వచ్చినాయనే అనుకోని చాప వేసి పులిహోర పెట్టింది. ఆయన తను ఎవురో చెప్పకుండా, ఈ రూములో ఉండే పిల్లోడు ఎట్లాంటోడమ్మా అని అడిగినాడు.

అవ్వను ఆ మాట అడిగితే ఆమె ఎవుర్ని గురించి చెప్తుంది? అర్ధగంట చెప్పింది. పిల్లోడు నోట్లో నాలుక లేనోడు, ఒక చెడ్డ అలవాటు లేదు, జీతం రాంగానే ఇంటికి పంపుతాడు అని. ఆయన వింటా ఉంటే ఎదురుగా ఒకడు పన్నెండు మందివీ ప్లేట్లు కడుగుతా ఉన్నాడు. అదుగో వాడే అని అవ్వ చూపించింది. ఫొటోలో మొకం అట్ల లేదే అని ఆయనకు అనుమానం. అప్పుడు తలుపు వెనకాల అంటించిన రెండు కాగితాలూ, వాటి మీది పేర్లూ చూసినాడు.

నేను ఐదు దాటినాక వచ్చినాను. సగం మంది నిద్రపోతా ఉన్నారు. తలుపు దగ్గిర తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి కండ్లద్దాలు పెట్టుకోని నా కాగితం చదువుతా ఉన్నాడు. పన్నెండో మనిషన్నమాట, ఈయన ఒక్కడికి మాత్రం జుట్టు ఉండాది. నాకు కోపం ఇంకా దిగలేదు.

"మీదొక్కటే మిగిలిందా?" అన్నాను తలకాయ పక్క చూపిస్తా. "కొట్టించుకోని వచ్చేస్తే అందరూ ఒకేసారి బయల్దేరొచ్చు. టెంపో ఎన్నింటికి?"

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసినాడు. "పోతానప్పా," అన్నాడు. "వచ్చిన పని అయిపోయింది. ఈ రెండు కాగితాలూ రాసింది నువ్వేనా?"

నేనే అన్నాను.

"అంతా నిజమేనా?"

అబద్ధం రాయాల్సిన ఖర్మ నాకేంది అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. ఇది ఫారిన్ పద్ధతి, మనిషి ఎట్లాంటోడో దీంట్లో తేలిపోతుంది అని కూడా చెప్పినాను. ఆయన తలూపి, మంచి పద్ధతే, ఒక కాగితం తీసుకోనా అని అడిగినాడు. ఊర్లో ఎవురికో చూపించడానికేమో అనుకోని తీసుకోండి అన్నాను. ఆయన మునిరత్నం కాగితాన్ని చినగకుండా మెల్లిగా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకోని మెట్లు దిగినాడు.

ఆయన మీ ఊరాయన కాదా అని అవ్వను అడిగినాను. కాదు నాయనా, సిత్తూరాయన, బెల్లం యాపారమంట, బిడ్డ పెండ్లి గురించి తిరగతా ఉండాడు పాపం అనింది. నేను మెట్లు దిగి వీధి చివరదాకా పరిగెత్తినాను. ఆడ ఆవు ఒకటి ఉండాది, ఆయన లేడు.

మరుసటి రోజు కింద ఓనరమ్మ ఇంటికి మా నాయన ఫోన్ చేసినాడు. ఆదివారం చూపులు లేవంట. ఎందుకని నేను అడగలేదు. ఆయనే అడిగినాడు.

"తలుపు మీద ఏం రాసి పెట్టినావురా?"

అడిగి టక్కున ఫోన్ పెట్టేసినాడు.

తర్వాత పది దినాలకు చెంగల్రాయులు గారు కుప్పం బస్సెక్కి ఆ పల్లెకు పోయినాడు, జేబులో నా చేతిరాతతో. అవ్వ చెప్పిన వూరు, నేను రాసిన ఇంటిపేరు, అన్నీ కలిసినాయి. వరస కుదిరింది, హేమలతను మునిరత్నానికి ఇచ్చేట్లు మాట్లాడుకున్నారు. ఆ సంగతి మునిరత్నమే నాకు చెప్పినాడు. రెండు టీలు తెచ్చి, ఒకటి నా ముందర పెట్టి, చేతులు కట్టుకోని నిలబడినాడు. మొదటిరోజు మాదిరి. ఆ సంబంధం ముందు నాది అని వాడికి ఆ రోజే తెలిసిందంట. మొకం చిన్నబోయి ఉండాది.

"నువ్వు వద్దంటే వద్దనేస్తానన్నా," అన్నాడు. "మా నాయనకు ఏదో ఒకటి చెప్పుకుంటాను."

నేను టీ తాగినాను. బాధేసిందా అంటే వేసింది. కానీ యాడ వేసిందో చెప్పలేను. ఆ అమ్మాయిని నేను చూసింది ఫొటోలోనే. వాళ్ళ నాయన ఏం చూసి నన్ను వద్దన్నాడో అదంతా నేను రాసిందే. మునిరత్నమేమో నిజంగానే నేను వద్దంటే వద్దనేస్తాడు, అట్లాంటోడు. అందుకే అనలేకపోయినాను. ఇరవై తొమ్మిది మార్కులు నేనే వేసినాను, ఇప్పుడు కొట్టేస్తే బాగుండదులే, చేసుకోపో అన్నాను. పుస్తకంలో ఉండే ఫొటో తీసి వాడికే ఇచ్చినాను. వాడు దాన్ని రెండు చేతులతో తీసుకోని, చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. నా ముందర చూడకూడదని. అప్పుడు ముప్పయ్యో మార్కు కూడా వేసేసినాను మనసులో.

పెండ్లికి పోకూడదనే అనుకున్నాను. మునెమ్మవ్వ మనిషిని పంపించింది. పోతే ఆడ నన్ను మగపెండ్లివాళ్ళలో పెద్దమనిషి మాదిరి చూసినారు. చెంగల్రాయులు గారు నా చెయ్యి పట్టుకోని వాళ్ళ చుట్టాలందరికీ చూపించినాడు, ఈ సంబంధం కుదిరింది ఈయన వల్లనే అని. టెంపో సంగతి ఎత్తలేదు, పెద్దమనిషి. తర్వాత నన్ను ఒక పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టి, మా తమ్మునికి ఒక కూతురు ఉండాదప్పా, బీయస్సీ అయిపోయింది అన్నాడు.

నేను కాలరు సర్దుకున్నాను.

"మునిరత్నం లాంటి పిల్లోడు ఇంకొకడు యాడన్నా ఉంటే సూడప్పా," అన్నాడాయన. "మేం ఎంచితే తప్పొస్తుందేమో గానీ, నువ్వు ఎంచితే రాదు."

చూస్తానులెండి అని చెప్పి కాలరు వదిలేసినాను.