కాలు కింద పెట్టని సైకిలు యాత్ర

సిరుగుప్ప నుంచి కురుగోడు దాకా సైకిలు మీద, దారిలో ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా వెళ్ళిన మొదటి మొనగాణ్ణి నేనే. ఆ రోజుల్లో ఊరికి మూడో నాలుగో సైకిళ్ళుండేవి. డైనమో దీపం ఉన్నవాడికి కాఫీ హోటల్లో కుర్చీ తుడిచి మరీ వేసేవాళ్ళు. ఆ యాత్ర గురించి మా రీడింగ్ రూము చేతిరాత పత్రికలో ఎనిమిది పేజీలు రాశాను కూడా. కాలవ గాలి, వరిమళ్ళలో కొంగలు, నా పిక్కల బలం, అన్నీ వచ్చాయందులో. (బస్సు మాత్రం రాలేదు.)

బస్సేమిటంటారా? అది నా పెళ్ళిచూపుల ప్రయాణం. నాన్నతో, మేనమామతో కలిసి బస్సులోనే వెళ్ళాను. సైకిలు టాపు మీద కట్టించాను. కురుగోడు పొలిమేరలో నేనొక్కణ్ణే దిగి, మోరీ గట్టు ఆసరాతో సైకిలెక్కాను. పిల్ల వాకిట్లోకి సైకిలు మీద వెళితే ఆ దర్జాయే వేరని నా ఆశ. చిన్న చిక్కేమిటంటే, నాకు తొక్కడం వచ్చు గానీ దిగడం రాదు. గట్టో గోడో దొరికితేనే దిగేవాణ్ణి. (కాలు కింద పెట్టకపోవడంలోని రహస్యం ఇదే.)

అప్పట్లో పెద్దవాళ్ళు ఎదురైతే సైకిలు దిగి, నడిపించుకుంటూ పోవాలి. దిగనివాడు పొగరుబోతు కిందే లెక్క. కాబోయే మామగారు తలగుడ్డ సర్దుకుని, బస్సులో ముందే వచ్చిన మావాళ్ళతో వాకిట్లో నిలబడి ఉన్నారు. గోడ చూస్తే అవతలి పక్కనుంది. ఒంటిచేత్తో నమస్కారం పెట్టి, ఆయన ముందు నుంచే సాగిపోయాను.

"ఏందప్పా, మీవాడు దిగకుండానే పోతాండాడు?"

"ఊరు చూస్తాండాడులేప్పా, వస్తాడు," అన్నాడు మా మేనమామ.

ఊరు చుట్టి వచ్చాను. మళ్ళీ నమస్కారం, మళ్ళీ అదే పోవడం. "దిగరా నా కొడకా!" అని నాన్న అరుపు వీధి చివరిదాకా నా వెంట వచ్చింది. మూడోసారి వచ్చేసరికి మామగారు, "ఇంక సాకప్పా, చాలు! పెద్దోళ్ళంటే లెక్కలేనోనికి మా పిల్లనిచ్చేది లేదు," అని లోపలికి తిరుగుతున్నారు. ఈ సంబంధం ఎలా వదులుకుంటాను? మిద్దె మీద కొంగు చాటు నుంచి చూస్తున్న పిల్ల నాకప్పటికే మూడుసార్లు కనబడింది మరి! ఏమైతే అయిందని హ్యాండిలు వదిలేసి, ఆయన పాదాల మీద సాష్టాంగపడ్డాను. "అందరూ సైకిలు దిగుతారు, ఈ పిల్లోడు కాళ్ళ మీదే పడినాడు," అని ఆయన కరిగిపోయి పిల్లనిచ్చారు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్ళేరుతున్న చెయ్యి ఆపకుండానే అంది:

"కాళ్ళ మీద పడింది యాడప్పా? సైకిలుతో సహా ఆయప్ప మీదనే పడినావు. నెలదినాలు కుంటినాడు మా నాయన."

"అయినా నిన్ను ఇచ్చినాడు గదే!"

"నీకు కరిగి కాదు. ఆ పడేది చూసి మిద్దె మీద నేను కడుపు పట్టుకోని నవ్వినా. మా అమ్మ పోయినాంక నేను నవ్వింది ఆ పొద్దే. అందుకిచ్చినాడు. ఇదొక్కటన్నా సరిగా రాయి."