తెర మీది డాక్టరు, రాజాం తాత

అక్క మాత్రలు రేపటితో అయిపోతాయి. మా వైపు వచ్చే పాత డాక్టరు బదిలీ అయ్యాడు. మానసిక వైద్యం సమూలంగా మారిపోయిందని, పెద్దాసుపత్రిలో కొత్తగా పేరు రాయించుకుంటేనే మందులిస్తారని చెప్పారు. పాత పద్ధతే సరిగ్గా అర్థం కాని నేను అక్కని తీసుకుని కొత్తదానికి బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకి కోటబొమ్మాళిలో ఆటో ఎక్కాం. నరసన్నపేటలో ఇడ్లీ తిని ఏడున్నర బస్సు పట్టుకున్నాం. మేం ఆసుపత్రికని విని పక్క సీట్లో చేపల బుట్ట ఆవిడ అడిగింది: "ఏటైనాది బాబూ, మీ అక్కకి?"

"మాట తగ్గిపోయింది."

"దానికి మందేటి? మా ఆయనకి మాట తగ్గీ మందుంటే సెప్పు, ఇప్పుడే కొనీస్తాను."

అక్క నవ్వలేదు. ఇద్దరి వంతూ నేనే నవ్వాను.

తొమ్మిదికి ఆసుపత్రి చేరి, బయట పేరు రాయించుకుని నంబరు తీసుకున్నాం. గోడకి కొత్త రంగు, దాని మీద పెద్ద అక్షరాలతో "మనసు విప్పండి". తలుపు మాత్రం పదకొండు దాకా విప్పలేదు. లోపల టీవీ, దాని ముందు మాలాంటి వాళ్లు కూర్చోడానికి కుర్చీల వరసలు ఉన్నాయి. డాక్టరు ఎక్కడో నగరంలో కూర్చుని అందులో కనిపిస్తాడట. ఇదివరకు డాక్టరు రాకపోతే తెలిసేది, ఇప్పుడు వచ్చినా తెలియదు.

మా నంబరు పిలిచాక డాక్టరు అడిగిన మూడు ప్రశ్నలకీ అక్క బదులు నేనే జవాబిచ్చాను. పాఠాలు చెప్పి చెప్పి ఎవరి వంతైనా నాదే అనుకునే జబ్బు నాది, దానికి ఏ సర్కారూ మందివ్వలేదు. నాలుగో ప్రశ్న అడగబోతూ ఆయన నోరు తెరిచి బిగుసుకుపోయాడు. నెట్ పోయింది. నర్సు వైరు చూడడానికి బయటికి వెళ్లింది.

కదలని ఆ బొమ్మతో అక్క మాట్లాడడం మొదలుపెట్టింది. "బాబూ, ఆ మాత్ర ఏసుకుంటే సేతులు వణుకుతన్నాయి. సూదిలో దారం ఎక్కట్లేదు. జాకెట్లు కుట్టీ మిషను మూసీసినాను. తమ్ముడికి సెప్పలేదు. సెప్తే ఇంకో మాత్ర రాయించీస్తాడు."



నెట్ వచ్చింది. "అవే మాత్రలు వాడండి," అన్నాడు డాక్టరు. తిరిగొచ్చిన నర్సు, మా పని అయిపోయినట్టు మీట నొక్కింది.

"ఆగండమ్మా, ఆయన ఏమీ వినలేదు."

"కంప్యూటర్లో వినీసినట్టు వచ్చీసినాది సారూ. వచ్చీ నెల దాకా మీ నంబరు తెరుసుకోదు."

వెనక వరసలో రాజాం నుంచి వచ్చిన తాత లేచాడు. "నా నంబరు ఆ తల్లికిచ్చీండి. నాకు నెలకి సరిపడా మాత్రలున్నాయి."

ఆయన పేరు మీద అక్క కూర్చుంది. నేను బుద్ధిగా బయట నిలబడ్డాను. ఈసారి డాక్టరు విని, మాత్ర మార్చాడు. చీటీ మీద తాత పేరు, వయసు డెబ్బై, బాధ: జాకెట్లు కుట్టేటప్పుడు చేతుల వణుకు. మందులిచ్చే కిటికీ దగ్గర దాన్ని ఎవరూ చదవలేదు. తాత చెయ్యి చాపాడు, ఇచ్చేశారు.

మూడింటికి తిరుగు బస్సు. మీరు వెళ్లాల్సి వస్తే అన్నం కట్టుకెళ్లండి, క్యాంటీన్ తొందరగా కట్టేస్తారు. వీలైతే ఒక తాతని కూడా తీసుకెళ్లండి. సర్కారు మార్చింది గోడ రంగు, మాత్ర మార్పించింది ఆయన.

నరసన్నపేట దగ్గరపడుతుండగా అక్క కిటికీలోంచి చూస్తూ అంది: "ఆ తాత సొక్కా సూసినావా? భుజాలు జారిపోతన్నాయి. కొలత తీసుకోవలసినాది."