పిల్లల వాటా

బందరు నుంచి గుడివాడ వెళ్లే పొద్దుటి రైల్లో, చివరి పెట్టె తలుపు పక్కన, వెంకటరత్నమ్మకు ఒక చోటుంది. అది ఆమెదని ఎవరూ రాసివ్వలేదు. ఏళ్ల తరబడి ఆమె చేపల గంప అక్కడే దిగుతూ రావడం వల్ల, మిగిలిన గంపలు దానికి అటూ ఇటూ ఒదగడం అలవాటు చేసుకున్నాయి. పెడన దాటే వేళకు తోటి చేపలమ్మలు టీ తాగుతారు. ఆమె తాగదు. ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్న గంజి తాగుతుంది.

"ఎందుకక్కా అంత కూడబెట్టడం? పోయేప్పుడు గంపలో పెట్టుకుని పోతావా?" అంటుంది పక్క గంప మనిషి సంతోషమ్మ.

"గంప కూడా ఎవరికన్నా పనికొస్తది. ఇక్కడే వదిలి పోతాలే."

పెట్టంతా నవ్వుతుంది. వెంకటరత్నమ్మా నవ్వుతుంది గాని, ఈమధ్య ఆ నవ్వు కౌతరం స్టేషను దాకా నిలవడం లేదు. గుడివాడలో ఆమె పెద్ద కూతురు శ్రీదుర్గ ఉంది. బట్టల కొట్లో పని. భర్త అంజికి ఆటో. ఇద్దరి సంపాదనా నెల సగానికి ముందే హరించుకుపోతుంది. ఇప్పుడు దుర్గకు అయిదో నెల. నెలనెలా ఒక చిన్న మొత్తం తన దగ్గర దాచమని కూతుర్ని అడగాలన్నది వెంకటరత్నమ్మ కోరిక. ఊరందరి చేతా పొదుపు చేయించే ఆ నోటికి, కన్నకూతురి దగ్గర మాత్రం ఆ మాట రావడం లేదు. రాకపోవడానికి కారణం ఆమెకు తెలుసు, కూతురికీ తెలుసు. ఇన్నేళ్లలో ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

ఆమె పుట్టింది దివిసీమలో, నాగాయలంకలో. ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చంటిపిల్ల. పడవా, వలా, ఇంటి కప్పూ ఒక్క పూటలో పోయాక, మిగిలిన మనుషుల్ని వెంటబెట్టుకుని తల్లి సంసారం మళ్లీ మొదలుపెట్టింది. రేపటి కూడును ఈ రోజే చూసుకోవడం ఆ ఇంట్లో ఒక గుణం కాదు, ఊపిరి తీసుకోవడం వంటిది. ఆ ఊపిరితోనే ఆమె పోలయ్యను పెళ్లాడి గిలకలదిండి వచ్చింది. ఊరి పేరులోనే చేపను పెట్టుకుని, వాడుకలో ఆ చేపను జారవిడిచి బందరు అనుకునే పట్టణం బందరు. దాని అంచున సముద్రాన్ని ఆనుకుని ఉండే పేట గిలకలదిండి. పోలయ్య కోటయ్య అనే ఆసామి బోటు మీద కూలికి వెళ్లే కలాసీ. ఆమె గంప మోసేది.

మరబోట్ల ఇళ్లలో పొదుపు ఇష్టాయిష్టాల మీద నడిచే వ్యవహారం కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని, వేసవిలో రెండు నెలలు బోట్లు కడలి మీదికి వెళ్లకూడదు. సర్కారు భృతి కొంత ఇస్తుంది. అది వచ్చినప్పుడు వస్తుంది. కనుక ఏడాది పొడుగునా ప్రతి ఇల్లూ ఆ రెండు నెలల వైపు ఒక కన్ను వేసి బతుకుతుంది. పాఠ్యపుస్తకాలలో పొదుపు పాఠానికి మట్టి డిబ్బీ బొమ్మ వేస్తారు. బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. ఈ పేటలో పాఠం చెప్పవలసి వస్తే మాత్రం డిబ్బీకి బదులు, గుంజల మీద బిగించిన పాత వలను, దాని మీద ఎండుతున్న చిన్న చేపలను వేయడం న్యాయం. ఇక్కడి పొదుపు అదే. పచ్చి చేప సాయంత్రానికి చెడుతుంది. ఎండుచేప వేసవిలో రెట్టింపు ధర పలుకుతుంది.

వెంకటరత్నమ్మ తన ఆడపిల్లలిద్దరికీ ఆ విద్య చిన్ననాడే పెట్టింది. బోటు వచ్చిన రోజున చెరో దోసెడు నెత్తళ్ళు ఇచ్చేది. వేలెడేసి ఉండే చిన్న చేపలు. వాటిని కడగడం, ఎండబెట్టడం, కాకుల నుంచి కాయడం, మబ్బు పట్టగానే లోపలికి చేర్చడం పిల్లల పని. వేసవిలో వాటి ధర పిల్లలది. దానికి ఆ ఇంట్లో 'పిల్లల వాటా' అని పేరు.

"ఇంటికి ఎంత కష్టమొచ్చినా మీ వాటా మీదే. మీ నాన్నక్కూడా హక్కు లేదు," అనేది.

"ఒక్కటి వేయించుకుంటే ఏమవుద్దే?" అనేవాడు పోలయ్య, కూతుళ్లను ఉడికించడానికి.

"నీది నువ్వు ఎండబెట్టుకో నాన్నా," అనేది దుర్గ. అప్పుడామెకు పదమూడేళ్లు. చెల్లెలు రేవతికి ఎనిమిది.

రేవతి చేపల్లో సగం పిల్లులపాలయ్యేవి. దుర్గవి ఒక్కటీ పోయేది కాదు. ఇసుక మీద పరిస్తే రేణువులంటుకుంటాయని, తండ్రి చేత గుంజలు పాతించుకుని, చిరిగిన వలముక్కతో పందిరి కట్టించుకుంది. ఆమెకు ఒక బల్ల కావాలి. ఒంటిగది ఇల్లు, రాసుకోవాలంటే చేపల ఐసుపెట్టె మూతే దిక్కు. పుస్తకాలకు ఆ వాసన పట్టేది. బళ్లో పక్కపిల్ల తన సంచిని కొంచెం అవతలికి జరుపుకునేది. పైకి ఏమీ అనేది కాదు, జరుపుకునేది, అంతే. దుర్గ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. కోనేరు సెంటరు దగ్గర వడ్రంగి పనిచేసే జిలానీని కలిసి, అరలున్న బల్లకు బేరమాడి వచ్చింది. రెండు విడతల నెత్తళ్ళు గోతాంలో కట్టి అటక మీద పెట్టింది. మూడో విడతవి పందిరి మీద ఉన్నాయి.

ఆ వేసవిలో వేట ఆగగానే పిల్లలిద్దరూ సెలవులకు నాగాయలంక వెళ్లారు. ఇక్కడ కోటయ్య పోలయ్యకు కబురు చేశాడు.

"కూలికొస్తే నీకు ఒక్క వాటానే పోలయ్యా. వేట మొదలయ్యేలోపు సొంత వల తెచ్చుకో, వల వాటా కూడా ఇస్తాను. నువ్వు కాదంటే అడిగేవాళ్లున్నారు."

ఏ కలాసీ ఇంట్లోనైనా జీవితకాలంలో ఒక్కసారి తగిలే మాట అది. ఉన్నదంతా ఊడ్చినా వల ధరకు కొంచెం తగ్గింది. అటువంటి రోజున చల్లపల్లి నుంచి మార్తమ్మ ట్రాలీ ఆటో వేసుకుని ఎండుచేపల బేరానికి వచ్చింది. వెంకటరత్నమ్మ సరుకున్న గోతాలు విప్పి చూసి మార్తమ్మ పెదవి విరిచింది.

"ఇసకెక్కువుంది వదినా. ఇంతకన్నా రాదు."

"పోయినేడు ఇదే ఇసకకి ఎక్కువ కట్టావుగా."

"పోయినేడు నా కళ్లు బాగుండలేదులే," అని మార్తమ్మ పెరట్లోకి తొంగి చూసింది. "ఆ పందిరి మీదవి ఎవరివి?"

"పిల్లలవి."

"నీకన్నా నీ పిల్లలే నయమే. అద్దంలా ఉన్నయ్. అవి గూడా కలిపెయ్, మొత్తానికి పోయినేటి రేటే కడతాను. విడిగా అయితే నీవి నాకొద్దు."

వెంకటరత్నమ్మ అటక వైపు చూసింది. ఫోను బొడ్లోనే ఉంది. నాగాయలంకకు ఒక్క మాట మాట్లాడితే సరిపోయేది. చిన్నపిల్లను అడిగేదేమిటి, ఇల్లు బాగుపడితే పిల్లలది బాగుపడినట్టే కదా అనుకుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ అనుకోవడాన్నే ఆమె తిరగేసి బోర్లేసి చూసుకుంది. అటక మీది గోతాం దించింది. పందిరి మీదివి ఊడ్చింది. తన నెత్తళ్ళను, పిల్లల నెత్తళ్ళను ఒకే రాశిగా పోసి, చేత్తో కలిపింది. మార్తమ్మ తూకం వేసుకుని వెళ్లిపోయింది.

బడులు తెరిచే ముందు పిల్లలు తిరిగి వచ్చారు. దుర్గ సంచి దించకుండానే పెరట్లోకి వెళ్లి వచ్చింది.

"అమ్మా, మా నెత్తళ్ళు ఏవి?"

"అమ్మాను. నాన్నకి వలొచ్చింది, చూడు."

గది మూల నీలంగా, కొత్త వాసనతో వల ఉంది. దుర్గ దాన్ని చూసింది.

"మావాటికి ఎంతొచ్చింది?"

"అన్నీ కలిపే తూచింది. విడిగా తెలీదు."

"కలిపేశావా?"

"ఇంట్లో నీదేంటి, నాదేంటే? ముందు కాళ్లు కడుక్కుని అన్నం తినండి."

దుర్గ ఏడవలేదు. ఏడ్చి ఉంటే తల్లి దగ్గరికి తీసుకునేది. ఆ పూటకు సంగతి తేలిపోయేది. పిల్ల కాళ్లు కడుక్కుని, అన్నం తిని, చెల్లెలికి జడ వేసింది. వెంకటరత్నమ్మ దాన్ని అర్థం చేసుకోవడం అనుకుంది.

వానలు మొదలై బోట్లు వెళ్లాయి. కొత్త వల దండిగానే తెచ్చింది. తొలిరోజు ఆనవాయితీ ప్రకారం ఆమె పిల్లలకు చెరో దోసెడు ఇచ్చి గంపెత్తుకుని వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి పందిరి ఖాళీ. పొయ్యి మీద చింతచిగురు వేసి వండిన నెత్తళ్ళ కూర అడుగంటి ఉంది. రేవతి వేళ్లు నాకుతోంది.

"ఎండబెట్టలేదేమే?"

"తిన్నాం," అంది దుర్గ. "కడుపులోవి ఎవరూ అమ్మలేరుగా."

మాటలో వెటకారం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ మాటకు వెంకటరత్నమ్మ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తోచక కొప్పు సర్దుకుంది. తర్వాత కొన్నాళ్లు దోసెళ్లు ఇచ్చింది. అవి ఆ పూటే పొయ్యెక్కేవి. ఒక రోజు ఇవ్వడం మానేసింది. పందిరి గుంజల మీద కోళ్లు ఎక్కి కూర్చునేవి.

రెండేళ్లకు చేతిలో నాలుగు డబ్బులాడాక, ఆమె ఎవరికీ చెప్పకుండా జిలానీ దగ్గరికి వెళ్లి బల్ల కావాలంది.

"మీ అమ్మాయికేనా? అప్పట్లో కాళ్లు కూడా కోసి ఉంచాను. ఆమే వచ్చి వద్దని చెప్పిపోయింది," అన్నాడు జిలానీ, రంపం పక్కన పెట్టి. "మా నాన్నకి వల కొన్నాం బాబాయ్, బల్ల ఇప్పుడొద్దు అంది. నవ్వుతానే చెప్పింది."

కొన్నాం అందా? వెంకటరత్నమ్మ ఆ మాటను దారి పొడుగునా మోసుకుని వచ్చింది. పిల్ల పరాయివాడి ముందు తల్లిని నిలబెట్టి కాపాడింది. తల్లి అడగకుండా తీసుకున్నదానిని, తానే ఇచ్చినదానిగా చెప్పుకుంది. ఆ ఇచ్చే అవకాశాన్నే కదా తల్లి పిల్లకు ఇవ్వలేకపోయింది. బల్ల వచ్చింది. దుర్గ బాగుందమ్మా అంది. పదో తరగతి పుస్తకాలు మాత్రం ఐసుపెట్టె మీదే ఉండేవి. బల్ల మీద టీవీ చేరింది.

రేవతికి ఇవేవీ గుర్తులేవు. ఆమె నర్సు చదువుకుని, జీతంలో సగం బ్యాంకులో వేస్తుంది. ఒకే చేతి పెంపకంలో ఇద్దరు పిల్లలు ఇట్లా వేరు పడడం లోకంలో వింతేమీ కాదు; పెంచిన చేతికే అది వింత. దుర్గ చేతికి డబ్బు వస్తే నిలవదు. తోటి పిల్లకు చీర, అత్తగారికి కళ్లజోడు, ఎదురింటివాళ్లకు బిర్యానీ. దుబారా మనిషని ఆమెను ఎవరూ అనరు, ఎందుకంటే అందరూ ఆమె చేతి తీపి తిన్నవారే.

మొన్న వేట ఆగబోయే వారంలో, గుడివాడ వీధుల్లో గంప ఖాళీ చేసుకుని, వెంకటరత్నమ్మ బట్టల కొట్టు ముందు నిలబడింది. మధ్యాహ్నం అన్నం వేళ. దుర్గ మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. పొట్ట కొంచెం తెలుస్తోంది.

"ఎండలో నిలబడ్డావేంటమ్మా? లోపలికి రా, ఫ్యానుంది."

"చేపల వాసన, మీ చీరలకంటుద్ది. ఇక్కడే బాగుంది." ఆమె గంప బోర్లించి దాని మీద కూర్చుంది. "దుర్గా, ఒకటి అడుగుతాను."

"అడుగు."

"నీ నెత్తళ్ళు నేను అడక్కుండా తీశాను. నువ్వు ఊళ్లో లేవని తీశాను. ఉంటే తీసేదాన్ని కాదేమో."

దుర్గ క్యారియరు మూత తీయబోయి ఆగింది. వీధిలో అరటిపళ్ల బండివాడు ఎవరితోనో చిల్లర కోసం గొడవపడుతున్నాడు.

"ఇప్పుడదెందుకమ్మా? వల కోసమేగా."

"నెలకింత నా దగ్గర పెట్టు. పురిటికి పనికొస్తది. నీ చేత్తోనే కట్టి, తాళం వేసుకుని, తాళంచెవి నువ్వే తీసుకో. పెడతావా?"

దుర్గ క్యారియరు మూత తీసింది. అన్నం కలుపుతూ కూర్చుంది.

"నీ మీద కోపం లేదమ్మా. దేవుడి సాక్షిగా లేదు," అంది చివరికి. "కానీ దాచింది ఇంట్లో ఉంటే నాకు భయమేస్తది. వెళ్లి వెళ్లి చూసుకుంటా. ఉందా, ఉందా అని. పోయిన ఏడు అంజి చీటీ పాడి తెస్తే, ఆ డబ్బు ఖర్చయ్యేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఖర్చయిపోయాక పట్టింది."

వెంకటరత్నమ్మకు చేతిలో డబ్బు లేకపోతే నిద్ర రాదు. తన కడుపున పుట్టిన పిల్లకు ఉంటే రాదు. ఏళ్ల తరబడి ఆమె సిద్ధం చేసుకున్న సంజాయిషీలన్నీ కోపానికి సరిపోయేవే. భయానికి పనికొచ్చేది వాటిలో ఒక్కటీ లేదు.

"పుట్టేవాళ్లకైనా నేర్పాలిగా," అంది మెల్లగా.

"నేర్పు. నాకు చేతకాదు, నువ్వే నేర్పు." దుర్గ ఒక ముద్ద చేసి తల్లి చేతిలో పెట్టింది. "కానీ నా ఎదురుగా నేర్పమ్మా. నేను లేనప్పుడు వద్దు."

వెంకటరత్నమ్మ తల ఊపింది. అది న్యాయమేనని ఆమెకు తోచింది. ముద్ద తిని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, గంప ఎత్తుకుని స్టేషను వైపు నడిచింది. మలుపు దగ్గర తిరిగి చూస్తే, దుర్గ అన్నం ముందు పెట్టుకుని, తినకుండా, తల్లి వెళ్లిన వైపే చూస్తోంది.