నేను తుడిచేసిన సున్నపు గీత

ఒక మాట ఇరవై ఏళ్లకు పైగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెబుదామనుకుంటూ ఉండగానే ఆమె పోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మా ఇల్లు నిజామాబాద్‌లో ఒక ఇరుకు గల్లీ మొదట్లో ఉంది. తొంభైల చివర్లో మా పక్కనే ఒక సేటు రెండంతస్తుల కాంప్లెక్సు కట్టించాడు. కింద బట్టల దుకాణాలు, పైన పళ్ల డాక్టరు. దాని ముందున్న ఖాళీ జాగ, మా గుమ్మానికి నాలుగడుగుల అవతలి దాకా, సేటుదే. దుకాణాలకు వచ్చినవాళ్ల బండ్లకే అది స్టాండు. వేరేవాళ్లు పెడితే చక్రానికి గొలుసు వేసి, సీటు మీద జుర్మానా చిట్టీ అంటించాలని సేటు హుకుం. స్టాండు హద్దు తెలిసేలా సున్నంతో గీత గీసి ఉండాలి. గీత లేని చోట చిట్టీ వేస్తే మాత్రం ఊరుకోనని కూడా చెప్పాడు. అంతకుముందు ఎవరితోనో ఈ విషయం మీదే పెద్ద గొడవైంది.

ఆ పనంతా చేసేది గంగారాం కాక. వర్ని దిక్కు మనిషి. ఒకప్పుడు ఎడ్లబండి మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లను అమ్ముకొని పట్నం చేరాడు. అరవై దాటినా గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. నన్ను బిడ్డా అని పిలిచేవాడు.

ఒక వానకు మా ఇంటి ముందు గీత చెరిగిపోయింది. ఆ ఆదివారం కాక వచ్చి, సున్నం కలుపుకోవడానికి బకెట్ అడిగాడు. ఇచ్చాను. మా గుమ్మంలో నిలబడి, ఆయన వంగి గీస్తుంటే చూశాను కూడా. సోమవారం మధ్యాహ్నం, నేను టైపు పని చేసే వకీలు ఆఫీసు నుంచి అన్నానికి ఇంటికొచ్చాను. మా అరుగు ముందు మండే ఎండ. కాంప్లెక్సు నీడ గీతకు అవతల ఉంది. నా లూనా బండి అక్కడే పెట్టాను. గీత కనబడలేదా? కనబడింది. మా ఇంటి ముందు నన్నెవరు ఆపుతారులే అనుకున్నాను.

తిని వచ్చేసరికి చక్రానికి గొలుసు, సీటు మీద చిట్టీ. ఒంటికాలి మీద లేచాను. నా ఇంటి ముందు నా బండికి జుర్మానా ఏమిటి? కట్టనంటే కట్టనన్నాను, సేటే వచ్చి తేల్చాలన్నాను. కాక గొలుసు తీసి నన్ను ఆఫీసుకు పంపాడు. తర్వాత సేటుకు కబురు చేశాడు.

వకీలు ఆఫీసులో ఎన్ని దావాలు టైపు చేశానో. మోకా మీద, అంటే గొడవైన జాగలో, కంటికి ఏది కనబడితే అదే సాక్ష్యం, ఆ ఒక్క ముక్క నాకు బాగా ఒంటబట్టింది. మంగళవారం తెల్లవారుతుండగా, రోజూ చేసినట్టే, ఇంటి ముందు ఊడ్చి పేడనీళ్లు చల్లాను. కాకపోతే ఆ రోజు నాలుగడుగులు ముందుకు పోయాను. గట్టి చీపురుతో సున్నాన్ని గీకి, మీద పేడనీళ్లు పోసి, దాని మీద పెద్ద ముగ్గు వేశాను. గల్లీలో ఇద్దరు ముగ్గురు చూశారు కూడా. పొద్దున్నే వాకిలి చల్లే ఆడదాన్ని ఎవరు అనుమానిస్తారు?

సేటు వచ్చాడు. కింద చూశాడు, కాకను చూశాడు, చివరికి నన్నడిగాడు.

"నిన్న ఈడ గీత ఉండెనా అమ్మా?"

"లేకుండె. ఉంటె నేనెందుకు పెడ్త బండి?"

కాక నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం లేదు. కోపమే ఉంటే ఇవాళ నాకింత బాధ ఉండేది కాదేమో.

"గట్లంటవేంది బిడ్డా? ఐతారం గీసిన గదా. సున్నం కలుపుతందుకు నువ్వే బకెట్ ఇస్తివి."

"నేనియ్యలే కాకా. నీకు యాది మరుపైతున్నది."

అంతే. సేటు అక్కడికక్కడే గొలుసూ తాళంచెవులూ తీసుకున్నాడు. కాక ముగ్గు పక్కన వంగి నేలను ఒకసారి తడిమి చూసి వెళ్లిపోయాడు. నేను లోపలికొచ్చి చాయ్ తాగాను. గెలిచాననుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఉదయం నాకు సంతోషంగానే ఉంది.

ఎందుకు చేశాను? జుర్మానా కట్టలేకనా? కాదు. తప్పు నాదని తెలిసి, అందులోనూ ఒక కాపలావాడి ముందు, తల వంచడం ఇష్టం లేక. మర్నాడైనా సేటు దగ్గరికి పోయి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఈలోగా స్టాండుకు కొత్త మనిషి వచ్చాడు. ఇక చెప్పి ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడేళ్ల తర్వాత ఒక పెళ్లికి వర్ని పోతూ, దారిలో కాక ఊళ్లో బస్సు దిగాను. ఏం చెబుదామని దిగానో నాకే తెలియదు. వాకిట్లో ఆయన కోడలు బీడీలు చుడుతోంది. మామ పోయి ఏడాదైందని చెప్పింది. మంచినీళ్లిచ్చి, తనే మాట కలిపింది.

"పని పోయిందని గాదు మా మామ రంది. పట్నంల స్టాండు పక్కన ఒక బిడ్డ ఉండెనట. గా బిడ్డ అబద్ధమాడదు, నాకే మతి తప్పిందని కుమిలిండు. మల్ల ఏ పనికీ ఒప్పుకోలే. పొలానికి నీళ్లు పెట్టి ఇంటికొచ్చి, పెట్టిన్నా లేదా అని మల్ల మల్ల పోయి చూసొస్తుండె. గింతకూ మీరెవరక్కా?"

తెలిసినవాళ్లమని అన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. కుక్కిన పేనులా కూర్చుని, తర్వాతి బస్సుకు వచ్చేశాను.

ఆయన పని పోగొట్టానని మాత్రమే అన్నాళ్లూ బాధపడ్డాను. నేను పోగొట్టింది ఆయనకు తన మీద తనకున్న నమ్మకాన్ని. నన్ను అబద్ధాలకోరని అనుకోవడం కంటే తనను తాను మతిలేనివాణ్ని అనుకోవడమే ఆయనకు సులువైంది. దీనికి క్షమాపణ ఎవరిని అడగాలి? మిమ్మల్ని అడగడం లేదు. ఒక్కసారైనా ఎవరో ఒకరికి ఇది ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఆ ఆదివారం గంగారాం కాక గీత గీశాడు. బకెట్ నేనే ఇచ్చాను. ఆయనకు మతి తప్పలేదు.