లెంగిమా మాస్టారు ఒప్పుకోని మాట

లెంగిమా మాస్టారిని ఎవరు ఏమన్నా పడతాడు. చొక్కా వెనక చిరిగిందంటే గాలి ఆడుతోందంటాడు. ఆయన మేకకి ఆయనకన్నా తెలివెక్కువంటే నిజమేనంటాడు. ఒక్క మాట మాత్రం ఆయన చెవిన పడకూడదు. "అంతరించిపోయింది" అన్నారో, చేతిలో టీ గ్లాసున్నా, నోట్లో మండాజీ బూరె ముక్క ఉన్నా సరే, చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూముకి లాక్కెళ్లిపోతాడు. అక్కడ బీరువా మీద వరసగా కూర్చున్న ప్లాస్టర్ పుర్రెల ముందు నిలబెట్టి, క్షమాపణ చెప్పించేదాకా వదలడు.

"వాళ్లు మన పెద్దవాళ్లయ్యా కియోకో! వింటే ఏమనుకుంటారు?" అన్నాడు, నేను మొదటిసారి దొరికిపోయిన రోజున.

"వాళ్లకి చెవులే లేవు కదా మాస్టారూ!"

"చూశావా, పైగా వెక్కిరింత. దానికి విడిగా ఇంకో క్షమాపణ చెప్పు."

చెప్పాను. ఏం చేస్తాను? తుర్కానా సరస్సు ఒడ్డున ఉన్న ఆ బడికి లెక్కలు చెప్పడానికి కొత్తగా వచ్చినవాణ్ని. ఆయన జీవశాస్త్రం చెప్పే సీనియర్. ఆ పుర్రెలు అసలువి కావు, తవ్వకాలవాళ్లు పిల్లలకి చూపించమని ఇచ్చిన ఆదిమానవుల నమూనాలు. మాస్టారికి మాత్రం అవి చుట్టాలు. హోమో ఎరెక్టస్ "పెద్దాయన". నియాండర్తల్ "చలిదేశం బావ". ఇంతేసి దవడలున్న పరాంత్రొపస్ "నమిలే మామ". పొద్దున్నే స్టాఫ్ రూములోకి వస్తూ ముందు వాళ్లని పలకరించి, ఆ తర్వాతే మా వైపు తిరిగేవాడు. వాళ్లెక్కడికీ పోలేదు, మనలోనే కలిసిపోయారన్నది ఆయన వాదన.

ఊరంతా ఆయనకి అలవాటు పడిపోయింది. ఒకసారి లారీ రాక కొట్లో సరుకులు నిండుకున్నాయి. కొట్టు నడిపే హలీమోకి మాస్టారి సంగతి బాగా తెలుసు.

"ఉల్లిపాయలున్నాయా అమ్మా?"

"ఉల్లిపాయలు అంతరి..." అని నాలిక కరుచుకుంది హలీమో. "కలిసిపోయాయి మాస్టారూ."

"ఎందులో?"

"నిన్నటి కూరల్లో!"

మాస్టారు ఆమెని మనసారా మెచ్చుకున్నాడు. మానవ పరిణామాన్ని ఇంత సులువుగా తను కూడా ఎప్పుడూ చెప్పలేకపోయానన్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మాత్రం మాస్టారి ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాం. ఆ వచ్చినాయన తరగతిలోకి అడుగుపెట్టి, "నియాండర్తల్ మనుషులు ఏమయ్యారు?" అని అడిగాడు. ముందు బెంచీ కుర్రాడు లేచి, మాస్టారి వైపు ఓరగా చూసి, "మనలో కలిసిపోయారు సార్" అన్నాడు.

"తప్పు! అంతరించిపోయారు."

మాస్టారు చాక్‌పీసు కింద పెట్టాడు.

"సార్, మీరు పెద్దవారు. కానీ ఆ చలిదేశాల్లో ఈనాటికీ పుడుతున్న బిడ్డల రక్తంలో వాళ్ల పాలు కాస్తో కూస్తో ఉంది. మనవళ్లు తిరుగుతున్న ఇంటిని ఖాళీ ఇల్లంటారా?"

"పుస్తకంలో అలాగే ఉందయ్యా!"

"పుస్తకం చేత కూడా క్షమాపణ చెప్పిస్తాను. ముందు మీరు రండి."

ఆ ఇన్‌స్పెక్టరు మంచివాడో, లేక మాస్టారింట్లో ఉడుకుతున్న మేకమాంసం వాసన తగిలిందో తెలియదు. మొత్తానికి స్టాఫ్ రూములో టోపీ తీసి, "బావగారూ, ఏమనుకోకండి" అన్నాడు. హెడ్ మాస్టరు తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు.

నాకూ పట్టుదల వచ్చింది. నాలుగు పుస్తకాలు తిరగేసి ఒకరోజు ఆయన్ని నిలేశాను.

"మాస్టారూ, పెద్దాయన సంగతి సరే, మనకి తాతే అనుకుందాం. బావ కూడా మనలో కలిశాడనుకుందాం. మరి నమిలే మామ? ఆయన ఎవరికీ తాత కాదు, ఎవరిలోనూ కలవలేదు. కొమ్మ అక్కడితో ఆగింది. ఇప్పుడేమంటారు?"

మాస్టారు టీ తాగడం ఆపేశాడు. దొరికాడనుకున్నాను. గ్లాసు పక్కన పెట్టి, ఆ పెద్ద దవడల మీది దుమ్ము తుడుస్తూ అన్నాడు.

"దగ్గర దగ్గర పది లక్షల ఏళ్లు ఈ సరస్సు పక్కనే సంసారం చేశాడయ్యా. గడ్డీ గాదం నమిలి పిల్లల్ని పెంచాడు. పని అయింది, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. నువ్వూ నేనూ వచ్చి ఎన్నాళ్లయిందని, ఆయన మీద వేలు చూపించడానికి?"

నేను లేచి, ఎవరూ అడగకుండానే నమిలే మామకి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక సరస్సు పండగ సంగతి. రాజధాని నుంచి నల్లకళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన కెమెరాలతో దిగాడు. మా బడి తరఫున నాసియేకు అనే అమ్మాయి పాట పాడాలి. ఎల్ మోలో పిల్ల. సరస్సులో చేపలు పట్టుకు బతికే కొద్ది ఇళ్లవాళ్లు వాళ్లు. తాతల నాటి భాష పోయింది, ఇప్పుడు మాట్లాడేది పొరుగున మందలు మేపుకునే సంబూరు వాళ్ల భాషే. మెడలో పూసలతో నాసియేకు వేదిక మీద నిలబడింది. కింద చాప మీద వాళ్ల అవ్వ, చుట్టూ అయినవాళ్లూ కూర్చున్నారు.

పెద్దమనిషి మైకు అందుకుని, ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగా చూసుకోండి. అంతరించిపోయిన ఒక జాతికి ఆఖరి గుర్తు ఈ పిల్ల!"

నాసియేకు ఆ చెయ్యి కిందనుంచి తప్పుకుంది. తల వంచుకుని వేదిక మెట్ల వైపు తిరిగింది. జనమంతా ఆమెనే చూస్తున్నారు.

అంతలో లెంగిమా మాస్టారు వేదిక ఎక్కేశాడు. చంకలో, బడి ప్రదర్శనకని తెచ్చిన పెద్దాయన పుర్రె.

"అయ్యా! ఆ మాట ఈ ఊళ్లో నిషేధం. ఈయనకి క్షమాపణ చెప్పండి."

"ఎవరికి?"

"ఈయనకే. పెద్దాయన. చూడండి, మొహం ఎలా పెట్టాడో."

జనం గొల్లున నవ్వారు. కెమెరాలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. గాలికి ఆయన చొక్కా చిరుగు జెండాలా ఎగురుతోంది. పెద్దమనిషి కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, చివరికి ఊరంతా చూస్తుండగా ప్లాస్టర్ పుర్రెకి దణ్ణం పెట్టాడు. పిల్లలు నవ్వలేక నేల మీద దొర్లారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మాస్టారిని వేదిక వెనక్కి లాగాను.

"బడి పరువు తీశారు కదా మాస్టారూ! అందరూ మిమ్మల్ని పిచ్చోడంటున్నారు!"

"ఆ అమ్మాయిని ఎవరైనా చూస్తున్నారా?" అన్నాడాయన.

తొంగిచూశాను. ఎవరూ చూడటం లేదు. నాసియేకు వేదిక మూలన నిలబడి, అందరితో పాటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నువ్వు రాకముందు సంగతి," అన్నాడు మాస్టారు. "ఈ పిల్ల బళ్లో చేరిన కొత్తలో ఈ పుర్రెల పాఠమే చెబుతున్నా. ఆ మాట రాగానే ఒకడు వెనక్కి తిరిగి, 'అంటే నాసియేకు వాళ్లలాగానా సార్?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి పిల్ల రాలేదు. వాళ్ల అవ్వ కాళ్లావేళ్లా పడి తీసుకొచ్చాను."

"వాణ్ని నాలుగు తిట్టాల్సింది."

"తిడితే ఏమవుతుంది? ఈ పిల్ల ముందు ఆ మాట అనొద్దంటే అందరూ ఈ పిల్లనే చూస్తారు. జాలిగా చూసినా చూడ్డమే కదా కియోకో? అందుకని పుర్రెల పేరు చెప్పా. నన్ను చూసి నవ్వుకోనీ, నాకేం పోయింది?"

"మరి ఆ పుర్రెల మీద మర్యాద... అదంతా నటనేనా?"

"మొదట్లో నటనే. రానురాను నిజంగానే అభిమానం పుట్టుకొచ్చింది. రోజూ పలకరిస్తే పుట్టదా మరి?"

అప్పటికే నాసియేకు మైకు ముందుకు వచ్చింది. నవ్వుతో ఇంకా గొంతు కుదుటపడలేదు. అవ్వ నేర్పిన వల లాగే పాట ఎత్తుకుంది. చాప మీద వాళ్లంతా గొంతు కలిపారు. కళ్లద్దాల పెద్దమనిషి ఏం చెయ్యాలో తోచక చప్పట్లు కొడుతూ కూర్చున్నాడు.

పాట అయ్యాక అవ్వ మమ్మల్నిద్దరినీ గుడిసెకి పిలిచి, కాల్చిన చేప పెట్టింది. నేను గబగబా తింటున్నాను. మాస్టారు పళ్లెం ముట్టుకోవడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన మేకల మంద ఉన్న సంబూరు ఇంట్లో పుట్టినవాడు. చేప తినడం వాళ్లకి ఎంత చిన్నతనమో ఈ తీరమంతటికీ తెలుసు. అవ్వకీ తెలుసు. ఆయన్నే చూస్తోంది.

మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని ఓ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఎలా ఉంది నాయనా?" అంది అవ్వ.

"బ్రహ్మాండంగా ఉందవ్వా."

"మరి ఆ కన్నీళ్లేంటి?"

"పొగ."

"పొయ్యి ఆర్పేసి చాలాసేపయింది మాస్టారూ," అంది నాసియేకు.

అవ్వ బోసినోటితో నవ్వి, చేప తలకాయ తీసి ఆయన పళ్లెంలో వేసింది.